నింద ఎవరి గుమ్మం తొక్కుతుంది?

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. ఈ సామెత చెప్పుకుని నవ్వుకోని ఊరు తెలుగునాట ఉండదు. ఆ నవ్వులో ఒక సంగతి మరిచిపోతాం. మద్దెలకు నోరు లేదు. అందుకే నింద దాని మీద నిలిచింది. పక్కనున్న తాళగాడినో, ఆట కట్టించిన ఊరి పెద్దనో అంటే వాళ్లు ఊరుకునేవారా? మద్దెల ఉన్న చోట ఒక మనిషిని, ఒక గూడేన్ని, ఒక తెగను పెట్టి చూస్తే సామెత కాస్తా చరిత్ర పాఠం అవుతుంది. తెలుగు నేల మీద గిరిజనుల, సంచార తెగల గత నూట యాభై ఏళ్ల చరిత్రలో చాలా భాగం ఈ మద్దెల కథే. అయితే మనం ఎప్పుడూ మద్దెలగానే లేం. మనకన్నా నోరు లేనివాళ్లు మన గూడెంలోనే దొరికినప్పుడు మనం కూడా ఆడలేనమ్మ పని చేశాం. ఇక్కడ రెండూ చెప్పదలిచాం. మొదటిది చెప్పుకోవడం మనకు అలవాటే. రెండోది చెప్పాలంటే కొంచెం గొంతు సవరించుకోవాలి.

ముందు ఎరుకల వాళ్ల సంగతి. వాళ్ల శాఖల పేర్లు చూడండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. ఒకరు ఉప్పు మోసి అమ్మేవాళ్లు, ఒకరు కరివేపాకు అమ్మేవాళ్లు, ఒకరు వెదురు దబ్బలతో బుట్టలు, గంపలు అల్లేవాళ్లు, ఒకరు సాలెవాళ్లకు కుంచెలు కట్టిచ్చేవాళ్లు. ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. తెగ పేరులోనే ఎరుక ఉంది. ఏ పేరులోనూ దొంగతనం లేదు. పేర్లు పెట్టింది పోలీసులు కాదు కాబట్టి అందులో నిజం మిగిలింది.

సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద పెరికెలు వేసి, రోడ్డు లేని లోపలి ఊళ్లకు మోసుకుపోవడం వాళ్ల పని. తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. లంబాడాలు పెద్ద పెద్ద బిడారులతో చేసిన పనినే ఎరుకల వాళ్లు చిన్న గుంపులుగా చేశారు. వాళ్లు రాకపోతే లోపలి ఊళ్లకు ఉప్పు రాదు. అప్పటి ఊరివాళ్లకు వాళ్లు పరాయివాళ్లేమీ కారు. ఏటా ఒకే కాలానికి, ఒకే దారిన, ఒకే చింతచెట్టు కింద దిగే మనుషులు.

ఈ బతుకు ఎలా కూలిందో ఒక్కొక్కటిగా చూడాలి. మద్రాసు ప్రభుత్వం 1805లోనే ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. 1856లో మద్రాసు రాయపురం నుంచి మొదటి రైలు బయలుదేరింది. పట్టాలు పెరిగిన కొద్దీ ఉప్పు, ధాన్యం వ్యాగన్లలో పోవడం మొదలైంది. ఒక వ్యాగను మోసేది మోయాలంటే ఎన్ని గాడిదలు కావాలి? 1876లో ధాత కరువు వచ్చింది. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు రాజధాని ప్రాంతంలో లక్షల మంది చనిపోయారు, పశువులు చచ్చాయి. బరువు మోసే జంతువు చస్తే ఉప్పు ఎరుకల కుటుంబానికి కొట్టు మూతపడినట్టే. ఆ గాయం మానకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి వెదురుకు, పచ్చికకు కంచె పడింది. బుట్ట అల్లుకునే దారి కూడా ఇరుకైంది. ఇరవై ముప్పై ఏళ్లలో ఒక తెగ చేతిలోని పనులన్నీ ఒకటి తర్వాత ఒకటి జారిపోయాయి. పని లాగేసింది సర్కారు, రైలు కంపెనీ. వాటి మీద కేసు పెట్టిన స్టేషను ఏదీ లేదు.

ఆకలితో కొందరు దొంగతనాలకు దిగారా? దిగి ఉంటారు. మనం దాన్ని దాచాల్సిన పనిలేదు. కరువులో అన్ని కులాల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. తేడా ఏమిటంటే, మిగతా కులాల్లో దొంగ ఒక మనిషి. ఇక్కడ తెగ మొత్తం దొంగ అయింది.

అలా చేయడానికి చట్టమే రాశారు. 1871 అక్టోబరులో నేరస్థ తెగల చట్టం వచ్చింది. దాన్ని తెచ్చిన దొరల వాదన ఎంత తేలికగా ఉందో చూడండి. ఈ దేశంలో సాలెవాడి కొడుకు సాలె, వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు కనుక దొంగతనమే కులవృత్తిగా గలవాళ్లూ ఉంటారట. కుల వ్యవస్థను విమర్శిస్తూ పుస్తకాలు రాసిన పాలకులే, అవసరం వచ్చేసరికి కులాన్ని మించిన కులాన్ని తయారుచేశారు. దాని వెనక భయం ఉంది. 1857 తిరుగుబాటు మొదలై అప్పటికి పద్నాలుగేళ్లే. ఊరికి, పన్నుకి, పటేలుకి దొరకకుండా తిరిగే ప్రతి మనిషీ సర్కారుకు అనుమానంగానే కనిపించాడు. ఫకీరైనా, బిడారు తోలే లంబాడా అయినా, సోది చెప్పే ఎరుకలసాని అయినా ఒకటే. దేశాన్ని పట్టుకున్నవాడికి దేశంలో తిరిగేవాడంటే భయం. ఆ భయానికి మంచి పేరు కావాలి గనుక నేరం అని పేరు పెట్టాడు.

మొదట ఉత్తరాదిన అమలైన ఆ చట్టం 1911లో సవరణ జరిగి మద్రాసుకూ వచ్చింది. ఒక తెగ పేరు గెజిట్‌లో పడిందంటే దాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. పెద్దవాళ్ల వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. పిలిచినప్పుడు హాజరు చెప్పాలి. తల్లిదండ్రుల దగ్గర ఉంటే చెడిపోతారని పిల్లల్ని వేరు చేసే అధికారం కూడా చట్టంలో రాసుకున్నారు. నువ్వు ఏం చేశావు అని అడగకుండా, నువ్వు ఎవరి బిడ్డవు అని అడిగి శిక్ష వేసే చట్టం ఇది.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ చట్టం కన్న ఊరే. 1913 ప్రాంతంలో మద్రాసు గవర్నరు సలహా మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద వెలసింది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. ఆ సంస్థను భారతదేశంలో నడిపిన బూత్ టక్కర్ నేరాన్ని ఒక రోగంగా, సెటిల్‌మెంటును దానికి వైద్యంగా చూపిస్తూ ఒక పుస్తకమే రాశాడు. రోగం ఎక్కడ పుట్టిందని మాత్రం వెతకలేదు. ఉప్పు మోసే పని మళ్లీ ఇస్తే రోగం తగ్గుతుందేమోనన్న మాట ఆ వైద్యంలో లేదు. దాని బదులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలు దొరికారు. కృష్ణ ఒడ్డున సీతానగరం సెటిల్‌మెంటులో రాయి కొట్టే చేతులు దొరికాయి. పారిపోవడానికి వీల్లేని కూలీ, బయటికి పోతే పోలీసు పట్టుకునే కూలీ, ఏ కంపెనీకైనా వరమే. నింద వేసినవాడికి ఇలా ఎప్పుడూ ఏదో ఒకటి మిగులుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మన గూడెంలోనూ పనికొస్తుంది.

ఆ సంస్థలో పనిచేసిన కొందరు పిల్లలకు చదువు చెప్పారు, జబ్బుపడితే చూసుకున్నారు. అది కాదనం. 1970ల్లో హేమలత లవణం, లవణం దంపతులు స్టూవర్టుపురంలో ఇల్లిల్లూ తిరిగి చేసిన పనిని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. కానీ ముద్ర మనుషుల కంటే మొండిది. 1949లో వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరు వాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ కమిటీ నివేదిక తర్వాత 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రోజును విముక్త తెగలు ఇవాళ్టికీ పండుగలా జరుపుకుంటాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు వచ్చిన స్వాతంత్ర్యం అది. మద్రాసు రాష్ట్రం 1947లోనే రద్దు చేసినా, మరుసటి ఏడే అలవాటుపడ్డ నేరస్థుల చట్టం అనే కొత్త పేరుతో పాత పుస్తకాన్ని మళ్లీ తెరిచింది. సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. 1991లో స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్, 2023లో టైగర్ నాగేశ్వరరావు. ముప్పై ఏళ్లు గడిచినా ఆ ఊరి పేరు తెర మీద పడితే వెనక దొంగే రావాలి. ఆ ఊరి నుంచి బడికి వెళ్లే పిల్లవాడు ఏ ఊరని అడిగితే పక్క ఊరి పేరు ఎందుకు చెబుతాడో ఉపాధ్యాయులకు తెలిసే ఉంటుంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ల నిబంధనల్లో కులాన్ని బట్టి పనులు పంచడాన్ని కొట్టేస్తూ, విముక్త తెగలను పుట్టు నేరస్థులుగా చూసే రాతలను కూడా తప్పుపట్టింది. అంటే అప్పటిదాకా ఆ రాతలు ఉన్నాయన్నమాట.

పోడు కథ కూడా ఇదే దారి. దాని గురించి మనవాళ్లు చాలా రాశారు కాబట్టి పొడుగ్గా చెప్పం. 1856లో, అంటే మొదటి రైలు కదిలిన ఏడే, మద్రాసు అడవుల మీద క్లెగ్‌హార్న్ అనే అధికారిని పెట్టారు. కొండపోడు అడవికి చేటన్నది ఆయన అభిప్రాయం. అదే కాలంలో మైలు పట్టాకు సుమారు 2 వేల కొయ్య స్లీపర్లు కావాల్సి వచ్చింది. ఆ చెట్లు ఎక్కడివి? పోడు కొట్టినవాడు రెండు మూడేళ్లు పండించి కొండను వదిలేస్తే అడవి మళ్లీ మొలుస్తుంది. పట్టా కింద పడ్డ చెట్టు మొలవదు. అయినా అడవి నాశనానికి నిందితుడు కత్తి, గొడ్డలి పట్టుకున్న కొండరెడ్డి, కోయ, బగత, సవర. ఆ నిందను మోయలేకే 1879లో రంప, 1922లో గూడెం లేచాయి. పోడుతో పాటు కల్లు గీతకు పన్ను, రోడ్డు పనికి వెట్టి కూడా కలిశాయనుకోండి. ఒక్క మంచి మాట చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలో మనకు చారిత్రక అన్యాయం జరిగిందని రాసి ఉంది. ఒక ప్రభుత్వం తన తప్పు తనదేనని చట్టంలో రాసుకోవడం అరుదు. పట్టాలు అడిగినప్పుడు ఆ పీఠికను కూడా చదివి వినిపించాలి.

ఇక మన గూడెంలోకి వద్దాం.

వానలు పడతాయి. నాట్ల పని మీద ఉంటారు. ఒక ఇంట్లో పిల్లకు చలిజ్వరం. రెండో రోజు ఒళ్లు కాలిపోతుంది, మూడో రోజు మాట పడిపోతుంది, నాలుగో రోజు పిల్ల ఉండదు. పది రోజుల్లో ఇంకో ఇంట్లో అలాగే. రాత్రి నెగడు దగ్గర ఎవరో ఒక మాట అంటారు. కిందటి మంగళవారం ఆమె ఆ ఇంటి ముందు ఆగి పిల్లను ముద్దు చేసింది కదా. ఆ మాట తెల్లారేసరికి ఊరంతా తిరుగుతుంది. మన్యంలో దీన్ని చిల్లంగి అంటాం, తెలంగాణలో బాణామతి అంటారు, చేతబడి అంటే ఎక్కడైనా తెలుస్తుంది. తర్వాత జరిగేది మనకు తెలుసు. పంచాయితీ, కొట్టడం, మంత్రం చదవకుండా పళ్లు పీకడం, ఒక్కోసారి ప్రాణం తీయడం. హత్యలకు కారణాలు లెక్కవేసే జాతీయ సంస్థ పుస్తకంలో ఏటా మంత్రవిద్య అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్న ఏడు లేదు.

ఆ నింద ఎవరి గుమ్మం తొక్కుతుందో చూడండి. మొగుడు పోయిన ముసలామె. పిల్లలు లేని జంట. గట్టు తగాదా ఉన్న దాయాది. నాలుగు ఆకులు, వేళ్లు తెలిసిన మనిషి. ఊళ్లో పదిమంది బంధువులున్న ఇంటి మీద, అన్నదమ్ములు కర్ర పట్టగల ఇంటి మీద చిల్లంగి నింద సాధారణంగా వాలదు. మంత్రానికి బంధుబలం చూసి భయపడే గుణం ఉందా? లేదు. నింద వేసేవాళ్లకు ఉంది. ఆ ముసలామె పోతే ఆమె మెట్ట చెక్క, చింతచెట్టు ఎవరికి చేరుతుందో కూడా చూడాలి. చీరాల కంపెనీకి కూలీలు దొరికినట్టే ఇక్కడ ఎవరికో చింతచెట్టు దొరుకుతుంది. అన్ని చోట్లా అలా అని అనం. చాలామంది నిజంగా భయంతోనే చేస్తారు. భయంతో చేసినా చచ్చిన మనిషి చచ్చినట్టే.

భయానికి ఒక ముఖం కావాలి. దోమకు ముఖం లేదు. మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అప్పటిదాకా దొరలు కూడా చెడుగాలి వల్ల జ్వరం వస్తుందనే నమ్మారు. మలేరియా అన్న మాటకే చెడుగాలి అని అర్థం. మన్యం జ్వరానికి హడలిపోయి కొండ ఎక్కనన్న ఉద్యోగులు ఎందరో. అంటే ఆ జ్వరం ముందు దొరా, గూడెమూ ఒకేలా చీకట్లో ఉన్నారు. దొర గాలిని నిందించాడు. మనం ముసలామెను నిందించాం. గాలిని ఎవరూ కొట్టలేరు కాబట్టి దొర మూఢనమ్మకం ఎవరి ప్రాణమూ తీయలేదు. మనది తీసింది.

ఇంకో జబ్బు సంగతి ప్రతి గిరిజన పాఠశాలలో చెప్పాలి. సికిల్ సెల్. ఎర్రరక్తకణం గుండ్రంగా ఉండక కొడవలిలా వంగుతుంది, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, కీళ్లలో, కడుపులో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. మనదేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. మధ్య భారతం నుంచి మన గోదావరి మన్యం దాకా ఇది ఉంది. తల్లికీ తండ్రికీ ఆ లక్షణం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగా కనిపిస్తారు. పక్క ఇంట్లో పిల్లలు బాగుంటారు, ఈ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు నొప్పితో మెలికలు తిరుగుతారు. బయటినుంచి చూస్తే ఇది అచ్చంగా ఎవరో ఆ ఇంటి మీద పగబట్టి చేసినట్టే ఉంటుంది. ఒక రక్త పరీక్ష చేయిస్తే పగబట్టినవాళ్లు ఎవరూ లేరని తేలిపోతుంది. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును అంతం చేయడానికి ఒక మిషన్ మొదలుపెట్టి పరీక్షలు చేయిస్తోంది. విచిత్రం ఏమిటంటే, ఒక్కరి నుంచే ఆ లక్షణం వచ్చినవాళ్లను అది మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. వేల ఏళ్లు దోమలున్న చోట బతికినందుకు మన రక్తం చేసుకున్న బేరం అది. శాపం కాదు, పాత బేరం.

ఈ మాటలు చదివి, అదే మేమూ చెబుతున్నాం, గిరిజనులకు మూఢనమ్మకాలు ఎక్కువ, ఆసుపత్రికి రారు అని తల ఊపే అధికారులు ఉంటారు. వాళ్లు ఆగాలి. డోలీ కట్టి ఎనిమిది మంది మార్చి మార్చి మోసుకుపోయేది ఆసుపత్రికే. తీరా పోయాక రక్తం చూసే మనిషి లేడు, మందు లేదు, పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాశారు. ఆ చావుకు గూడెం ముసలామెను నిందిస్తుంది, ఆఫీసు గూడేన్ని నిందిస్తుంది. ఒక్క చావుకు రెండు మద్దెలలు. రాని రోడ్డు, నిండని పోస్టు రెండు నిందల మధ్య నుంచి హాయిగా జారిపోతాయి. మనం చిల్లంగి పేరు ఎత్తిన ప్రతిసారీ ఆఫీసుకు తప్పించుకునే దారి మనమే చూపిస్తున్నాం. ముసలామె ప్రాణం ఎలాగూ పోయింది, దానితో పాటు మన ఫిర్యాదు కూడా పోయింది.

ఇలాంటి చోట ఎదురు నిలిచినవాళ్లు గిరిజనుల్లోనే ఉన్నారు. అస్సాంలో గోల్‌పారా జిల్లాకు చెందిన బీరుబాల రాభా పెద్దగా చదువుకోలేదు. 1985 ప్రాంతంలో ఆమె కొడుక్కి మతి చెడితే, వాడికి ఏదో పట్టిందని, మూడు రోజుల్లో చస్తాడని మంత్రగాడు చెప్పాడు. మూడు రోజులు గడిచాయి, కొడుకు చావలేదు. చాలామంది అయితే బతికాడు చాలని ఊరుకునేవారు. బీరుబాల మాత్రం, ఇది అబద్ధమైతే మంత్రగత్తెలని చెప్పి చంపిన ఆడవాళ్ల సంగతేమిటని అడిగింది. ఊరు ఆమెను వెలివేసింది. ఆమె ఊరూరూ తిరిగి ఎందరినో కాపాడింది. 2015లో అస్సాం శాసనసభ మంత్రగత్తె ముద్ర వేయడం మీద చట్టం చేసిందంటే అందులో ఆమె తిరుగుడు ఉంది. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో చనిపోయింది. పాఠ్యపుస్తకంలో ఆమె పాఠం ఉండాలని మా కోరిక.

రాయక తప్పని ఇంకో మాట. ఈ మధ్య ఉద్యోగాలు తగ్గుతున్న కొద్దీ మన తెగలు ఒకదాన్నొకటి వేలెత్తి చూపడం పెరిగింది. 2017 చివర్లో ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య ఏం జరిగిందో తెలిసిందే. రిజర్వేషన్ వాటా మీద ఎవరి వాదన వాళ్లకు ఉంది. అది లెక్కలతో, కోర్టులో, చట్టసభలో తేల్చుకోవలసిన వాదన. దాని న్యాయాన్యాయాలు ఈ వ్యాసం పని కాదు. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, భర్తీ చేయని పోస్టుల మీది కోపం పక్క తండాలో జొన్నరొట్టె చేసుకుంటున్న అమ్మ మీద చూపిస్తే, ఏజెన్సీలో భూమి కొని పెట్టుకున్న గిరిజనేతరుడు రెండు పక్షాలనూ చూసి నవ్వుకుంటాడు. లంబాడాలు కూడా ఒకప్పుడు రైలు దెబ్బకు బిడారు పోగొట్టుకున్నవాళ్లే.

ఇదంతా గిరిజనుల బలహీనత అనుకునే ఉపాధ్యాయులకు, పోనీ మనకే అలా లోలోపల అనిపిస్తే మనకు, ఒక ఇంగ్లీషు వాళ్ల ఊరి కథ చెప్పాలి. అమెరికాలో మసాచుసెట్స్ అప్పటికి ఇంగ్లండు వలస రాజ్యం. అక్కడి సేలం ఊళ్లో 1692 చలికాలంలో ఇద్దరు చిన్నపిల్లలకు మూర్ఛలాంటిది వచ్చింది. వైద్యుడికి అంతుచిక్కలేదు. మంత్రగత్తెలని మొదట పట్టుకున్న ముగ్గురు ఎవరు? టిటూబా, బానిస, ఆనాటి కాగితాల్లో ఆమెను ఇండియన్ అనే రాశారు. సారా గుడ్, అడుక్కుతినేది. సారా ఆస్బర్న్, జబ్బుపడి చర్చికి రావడం మానేసిన మనిషి, ఆస్తి తగాదా కూడా ఉంది. మన గూడెం జాబితాకూ దీనికీ తేడా ఎంత? ఏడాది తిరిగేసరికి 19 మందిని ఉరి తీశారు. ఒక ముసలాయన్ను బండరాళ్లు పేర్చి చంపారు. నూట యాభై మందికి పైగా జైల్లో పడ్డారు. ఆ ప్రాంతం అప్పుడు అక్కడి ఆదివాసులతో యుద్ధంలో ఉంది. సరిహద్దు పల్లెల్లో ఇళ్లు తగలబడి పారిపోయి వచ్చినవాళ్లు సాక్షుల్లో ఉన్నారు. యుద్ధంలో ఓడిపోతున్న భయమే ఊళ్లో దయ్యాన్ని చూపించిందని మేరీ బెత్ నార్టన్ అనే చరిత్రకారిణి వాదించింది. ఎవరి నేల ఆక్రమించారో వాళ్లంటే భయం, ఆ భయం పోయి పడింది పొరుగింటి ఆడదాని మీద.

ఆ ఊరివాళ్లు తర్వాత చేసింది మనకు ఇంకా ముఖ్యం. 1697లో అప్పటి న్యాయమూర్తుల్లో ఒకరైన శామ్యూల్ సూయల్ చర్చిలో అందరి ముందు నిలబడి తప్పు నాదని ఒప్పుకున్నాడు. 1711లో బాధిత కుటుంబాలకు పరిహారం ఇచ్చారు. ఒక్క పేరు మాత్రం ఎలాగో ఏ జాబితాలోకీ రాలేదు. ఎలిజబెత్ జాన్సన్. ఉరిశిక్ష పడి, అమలుకాకుండా మిగిలిన మనిషి. పిల్లలు లేరు, కనుక ఆమె తరఫున అడిగే వారసులు కూడా లేరు. ఆమె ఉన్న ఊరి పక్కనే ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు పౌరశాస్త్రం పాఠంలో భాగంగా ఆ పాత కాగితాలు తిరగేశారు. ఉత్తరాలు రాశారు, ఒక శాసనసభ్యురాలిని ఒప్పించారు. 2022లో, 329 ఏళ్ల తర్వాత, ఆమె నిర్దోషి అని చట్టసభ ప్రకటించింది.

మద్రాసు ప్రభుత్వం నాటి పాత కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నేరస్థ తెగల చట్టం కింద వెలువడిన ఉత్తర్వులు, స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్ల ఫైళ్లు వెతకవలసింది అక్కడే. స్టూవర్టుపురం పక్క బడుల్లోనూ ఎనిమిదో తరగతి ఉంది. ఎగ్మూరుకు బాపట్ల నుంచి ఒక్క రాత్రి రైలు ప్రయాణం.